ఒకే నగరంలో మూడు రూపాయలు

మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున, చార్మినార్ బొమ్మ అచ్చువేసిన వెండి నాణెం ఒకటి ఉండేది. దానిని ఆమె రూపాయి అనగా నేను వినలేదు. ఎప్పుడూ ‘హాలీ’ అనే అనేది. ఆమె చిన్నతనంలో ఈ హైదరాబాద్ నగరంలో రెండు రకాల రూపాయలు చెలామణిలో ఉండేవి. నిజాం ప్రభుత్వం ముద్రించిన ఉస్మానియా సిక్కాను జనం హాలీ అనేవారు, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు వచ్చేవి. కాబట్టి జీతం అందుకునే గుమాస్తా అయినా, బెజవాడ నుంచి సరుకు తెప్పించుకునే వర్తకుడైనా, లెక్క మొదలుపెట్టే ముందు ఏ రూపాయి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవలసిందే. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత కూడా హాలీ ఒక్కరోజులో మాయం కాలేదు. మరికొన్నేళ్లు భారత రూపాయి పక్కనే నడిచి, 1950ల చివరికి పూర్తిగా తెరమరుగైంది. నాయనమ్మ పెట్టెలోని నాణెంలో వెండి అలాగే ఉంది. దానిని పుచ్చుకుంటానన్న ప్రభుత్వం లేదు.

నేను రాయదుర్గంలో ఒక సంస్థలో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాస్తాను. డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు చేరే దారిలో ఏ మెట్టు దగ్గర ఏం జరగవచ్చో ఆలోచించడమే రోజంతా నా పని. అయినా ‘డిజిటల్ కరెన్సీ’ అనే మాట వినిపించినప్పుడల్లా, ఎదుటివారు దేని గురించి మాట్లాడుతున్నారో నాకు వెంటనే తెలియదు. మా అమ్మ ఆ మాటకు ఫోన్‌పే అని అర్థం చెప్పుకుంటుంది, ఆఫీసులో పక్క సీటు మిత్రుడు బిట్‌కాయిన్ అనుకుంటాడు, పత్రికలు రిజర్వు బ్యాంకు ఈ-రూపాయి గురించి రాస్తాయి. ఈ మూడింటికీ ఫోను తెర మీద కనిపించే అంకెలు తప్ప ఉమ్మడి లక్షణం దాదాపు ఏమీ లేదు. ఈ నగరంలో ఇప్పుడు కూడా ఒకటికి మించిన రూపాయలు తిరుగుతున్నాయన్నది నేను చెప్పదలచుకున్న విషయం. జేబులోని నోటు ఒక రూపాయి, బ్యాంకు ఖాతాలో కనిపించేది మరొక రూపాయి, ఈ-రూపాయి మూడవది. మారకం రేటు ఏడుకు ఆరు కాకుండా ఒకటికి ఒకటిగా ఉన్నందువల్ల మనకు ఆ తేడా కనిపించడం లేదు. ఆ సమానత్వాన్ని నిలబెట్టడానికి వెనుక ఎన్నో వ్యవస్థలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి.

తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: ఈ రూపాయి ఎవరు నాకు పడిన బాకీ?

నోటు సంగతి సులభం. వంద రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన, నోటు తెచ్చినవారికి వంద రూపాయలు చెల్లిస్తానన్న వాగ్దానం ముద్రించి ఉంటుంది. ఒక రూపాయి నోటు మీద మాత్రం ఆ వాగ్దానం ఉండదు. అది కేంద్ర ప్రభుత్వం స్వయంగా జారీ చేసేది గనుక ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. నాణేలు కూడా ప్రభుత్వానివే. సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు ఉన్న నాణెం ఎప్పుడైనా చేతికి వస్తే, అది మన హైదరాబాద్ టంకశాలలో తయారైందని అర్థం. నోటైనా నాణెమైనా, మాట ఇచ్చినవారు దేశంలో అందరికంటే పైన ఉన్నవారు. వారు దివాలా తీస్తారేమోనని ఎవరూ రాత్రిళ్లు మేలుకోరు.

బ్యాంకు ఖాతాలోని రూపాయి అలాంటిది కాదు. ఖాతాలో 50,000 ఉన్నాయంటే ఎక్కడో ఒక అరలో నా పేరున 50,000 పేర్చి పెట్టారని కాదు. ఆ బ్యాంకు నాకు అంత బాకీ ఉన్నట్టు తన పుస్తకంలో రాసుకున్నదని మాత్రమే. పాత వర్తకుల లెక్కల పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. జరిగిన ప్రతి లావాదేవీని వరుసగా రాసేది చిట్టా, మనిషి మనిషికీ విడదీసి ఎవరి బాకీ ఎంతో చూపేది ఆవర్జా. నేను రాసే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ ఇప్పటికీ ఉన్నాయి, పేర్లే మారాయి. మా వీధి కిరాణా కొట్టులోని ఉద్దెర ఖాతా కూడా ఈ జాతిదే, కాకపోతే అక్కడ బాకీ పడేది మనం, బ్యాంకులో బాకీ పడేది బ్యాంకు.

బ్యాంకు ఈ బాకీని సృష్టించగలదు కూడా. ఆర్థిక వ్యవస్థ గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది ఇదే. తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనేవారికి ఒక బ్యాంకు 60 లక్షల గృహరుణం ఇచ్చిందనుకుందాం, బిల్డరు ఖాతా కూడా ఆ బ్యాంకులోనే ఉందనుకుందాం. ఆ 60 లక్షలను బ్యాంకు ఇంకెవరి పొదుపులోంచో తీసి ఇవ్వదు. కొనుగోలుదారు మనకు 60 లక్షలు ఇవ్వాలని ఒక పద్దు, బిల్డరుకు మనం 60 లక్షలు ఇవ్వాలని ఇంకొక పద్దు రాసుకుంటుంది. ఆ రెండు పద్దులు పడక ముందు ఈ 60 లక్షలు ఎక్కడా లేవు. పడిన తరువాత బిల్డరు వాటితో సిమెంటు, ఇనుము కొనగలడు, కూలీలకు ఇవ్వగలడు. ఇరవై ఏళ్లపాటు వాయిదాలు కట్టేకొద్దీ అసలు మేరకు ఆ రూపాయలు పుట్టినట్టే అంతరిస్తాయి. బ్యాంకు ఇష్టం వచ్చినంత సృష్టించలేదు. సొంత మూలధనం ఇంత ఉండాలనీ, డిపాజిట్లలో ఇంత శాతం రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలనీ నియమాలున్నాయి, పైగా బిల్డరు ఆ సొమ్మును వేరే బ్యాంకుకు పంపితే నిజమైన రిజర్వు బ్యాంకు సొమ్ముతో తీర్చాలి. అయినప్పటికీ, 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు, ఇంత డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదని ఆశ్చర్యపోయినవారికి సమాధానంలో ఒక భాగం ఇక్కడ దొరుకుతుంది. ఆ భూముల మీద లేచే అంతస్తులు రేపు అమ్ముడుపోయేది చాలామటుకు అప్పుగా పుట్టే రూపాయలకే.

ఖాతా రూపాయి, నోటు రూపాయి ఒకదానికొకటి సమానమన్న నమ్మకం చెదిరిన సందర్భాలు ఈ నగరానికి తెలుసు. 2000 దశకం మొదటి సంవత్సరాల్లో ఇక్కడ పలు సహకార అర్బన్ బ్యాంకులు కుప్పకూలాయి. అప్పట్లో డిపాజిట్ల బీమా లక్ష రూపాయల వరకే వర్తించేది. అంతకు మించి దాచుకున్నవారికి తమ ఖాతాలోని అంకె నోటుగా మారదని అప్పుడు తెలిసింది. ఆ పరిమితిని 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు పెంచారు, బ్యాంకుపై ఆంక్షలు విధించిన 90 రోజుల్లోగా బీమా సొమ్ము చెల్లించాలని 2021లో చట్టం సవరించారు. ఇవి మంచి మార్పులే. కానీ ఒకే బ్యాంకులో 5 లక్షలకు మించి ఉన్న ప్రతి రూపాయీ ఇప్పటికీ ఆ బ్యాంకు మాట మీదనే ఆధారపడి ఉందని, పదవీ విరమణ సొమ్మంతా ఒకే చోట పెట్టుకున్న మా పెద్దవారిలో ఎంతమందికి తెలుసు?

ఇక యూపీఐ విషయానికి వస్తే, ముందుగా తొలగించవలసిన అపోహ ఒకటుంది. యూపీఐ డబ్బు కాదు, డబ్బు గురించి పంపే సందేశం. 2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దానిని ప్రవేశపెట్టినప్పుడు కొత్త రకం రూపాయి ఏదీ పుట్టలేదు. ఉన్న ఖాతా రూపాయిలు ఒక బ్యాంకు పుస్తకం నుంచి ఇంకొక బ్యాంకు పుస్తకానికి మారడానికి అందరికీ అర్థమయ్యే ఒక భాష పుట్టింది. దానికి పునాదులు అంతకు ముందే పడ్డాయి, అందులో హైదరాబాద్ పాలు చిన్నది కాదు. ఒక బ్యాంకు కార్డును మరొక బ్యాంకు ఏటీఎంలో వాడుకునేలా చేసిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మొదలుపెట్టింది మాసబ్‌ట్యాంక్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ; రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఆ సంస్థ, 2009 చివరలో ఆ స్విచ్‌ను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు అప్పగించింది.

మాదాపూర్‌లో ఒక చాయ్ బండి దగ్గర 20 రూపాయలు చెల్లించినప్పుడు జరిగేది ఇది. నా ఫోనులోని యాప్ క్యూఆర్ కోడ్ చదివి, చాయ్ బండి యజమాని చిరునామాను గుర్తించి, నేను కొట్టిన పిన్‌ను గుప్తీకరించి పంపుతుంది. ఆ పిన్ యాప్ తయారుచేసిన కంపెనీకి కూడా కనబడకూడదన్న ఉద్దేశంతో ఆ భాగాన్ని పేమెంట్స్ కార్పొరేషన్ ఇచ్చిన కోడ్ చేస్తుంది. కేంద్రంలోని స్విచ్ నా బ్యాంకుకు ‘ఇతని ఖాతాలో 20 తగ్గించు’ అని చెబుతుంది, తగ్గించానన్న జవాబు వచ్చాక ఆయన బ్యాంకుకు ‘20 జమ చేయి’ అని చెబుతుంది. అప్పుడు బండి మీది పెట్టె గట్టిగా పలుకుతుంది. ఇంత జరిగినా బ్యాంకుల మధ్య అసలు సొమ్ము ఇంకా కదలలేదు. కోట్లాది చెల్లింపులను కూడి, తీసివేసి, ఏ బ్యాంకు నికరంగా ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చి, రోజుకు పలు విడతలుగా రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఖాతాల్లో సర్దుబాటు చేస్తారు. ఆ సర్దుబాటు జరిగేది మాత్రం రిజర్వు బ్యాంకు సొమ్ముతోనే. అంటే ఖాతా రూపాయిలన్నిటి అడుగునా, బ్యాంకులు ఒకరి మాటను ఒకరు నమ్మనవసరం లేకుండా చేసే మొదటి రకం రూపాయి ఉంది.

ఈ సందేశాల్లో అన్నిటికంటే కష్టమైనది జవాబు రాకపోవడం. నా బ్యాంకు సొమ్ము తగ్గించింది, ఎదుటి బ్యాంకు నుంచి ‘జమ చేశాను’ అన్న కబురు రాలేదు. జమ కాలేదా, జమ అయి కబురు మాత్రమే తప్పిపోయిందా? ఇంకొకసారి పంపితే రెండుసార్లు జమ కావచ్చు, పంపకపోతే అసలు జమ కాకపోవచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. అదే సంఖ్యతో సందేశం ఎన్నిసార్లు వచ్చినా పద్దు ఒక్కసారే పడాలి. వినడానికి చిన్న విషయం, నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం దీని చుట్టూనే తిరిగింది. ఫోను తెర మీద ‘పెండింగ్’ అని పసుపు రంగులో కనిపించేది ఈ సందిగ్ధమే. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం, జమ కాని సొమ్మును వ్యక్తుల మధ్య చెల్లింపైతే మరుసటి రోజుకల్లా, దుకాణానికి చేసినదైతే ఐదు రోజుల్లోగా వెనక్కి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఈ పరిహారం గురించి తెలియక ఫిర్యాదు చేయనివారు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు.

యాప్, బ్యాంకు, స్విచ్ వేర్వేరన్న సంగతి దేశం మొత్తానికి 2020 మార్చి 5న తెలిసివచ్చింది. ఆ సాయంత్రం యెస్ బ్యాంకుపై మారటోరియం విధించి, ఖాతాదారులు 50,000కు మించి తీయకూడదన్నారు. ఆ బ్యాంకులో ఖాతా లేనివారి ఫోన్‌పే కూడా ఆ రాత్రి పనిచేయడం మానేసింది, ఎందుకంటే ఆ యాప్ యూపీఐలోకి ప్రవేశించేది ఆ బ్యాంకు ద్వారానే. ఖాతాలో డబ్బు భద్రంగానే ఉంది, దానిని కదిలించే సందేశానికి మాత్రం దారి మూసుకుపోయింది. మరొక బ్యాంకు ద్వారా ఆ యాప్ ఒకటి రెండు రోజుల్లో కోలుకున్నది గాని, నేటికీ యూపీఐ చెల్లింపుల్లో అత్యధిక భాగం రెండే యాప్‌ల గుండా వెళుతున్నది. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం మించకూడదన్న నియమం అమలు గడువును 2026 చివరి వరకు పొడిగించారు. ఇంత ముఖ్యమైన దారికి రెండే ద్వారాలుండటం నాకు నచ్చదు; మా వృత్తిలో ఎవరికీ నచ్చకూడదు.

దారి మూసుకుపోవడానికి మరొక కారణం కూడా ఉంది, అది ఇంకా బాధాకరమైనది. మా వీధిలో ఇడ్లీ, వడ అమ్మే ఒకావిడ ఖాతాలో ఒక రోజు ఉన్నట్టుండి సొమ్ము కదలడం ఆగిపోయింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో జరిగిన సైబరు మోసం సొమ్ము నాలుగైదు ఖాతాలు మారుతూ, చివరకు ఎవరో తిన్న టిఫిను బిల్లు రూపంలో 120 రూపాయలుగా ఆమె ఖాతాలో పడింది. ఫిర్యాదు అందిన వెంటనే సొమ్ము వెళ్లిన ప్రతి ఖాతాను నిలిపివేయమని బ్యాంకులకు వర్తమానం వెళ్లింది. ఆ బ్యాంకు 120 రూపాయలను మాత్రమే కాక, ఖాతా మొత్తాన్ని ఆపేసింది. మోసపోయినవారి సొమ్ము కాపాడటానికి ఆ వేగం కావాలి, సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోను చేయమని నేనే అందరికీ చెబుతుంటాను. కానీ ఆవిడ పిండికి, గ్యాసుకు, పిల్లవాడి ఫీజుకు దాచుకున్న సొమ్ము మూడు వారాలు చేతికందలేదు. నేను పత్రాలు రాసిపెట్టి, రెండు కార్యాలయాలకు ఆమెతో వెళ్లాను. ఎవరి చేతి నుంచో వచ్చిన నోటుకు ఈ ప్రమాదం లేదు: దాని గతం దానితోపాటు రాదు. ఖాతా రూపాయి మాత్రం తన చిట్టాను వెంటబెట్టుకుని తిరుగుతుంది.

ఆ చిట్టాను మరెవరెవరు చదువుతారన్నది 2025 జులైలో బెంగళూరు చిన్న వ్యాపారులకు అనుభవమైంది. యూపీఐ వసూళ్ల ఆధారంగా అక్కడి వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపడంతో, కొన్ని దుకాణాల ముందు క్యూఆర్ కోడ్ తీసేసి ‘నగదు మాత్రమే’ అన్న కాగితాలు అంటించారు. పన్ను కట్టవలసినవారు కట్టవలసిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ లెక్క రాయడం రాని మనిషిని ముందు ఉచితమని పిలిచి, తరువాత ఆ లెక్క చూపి ప్రశ్నించినప్పుడు, ఆ మనిషి నగదు వైపు తిరగడం అమాయకత్వం కాదు, తనకు తెలిసిన రక్షణ.

ఉచితమన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు దుకాణదారు నుంచి రుసుము వసూలు చేయడం లేదు. సర్వర్లు, కేబుళ్లు, మోసాలను పసిగట్టే వ్యవస్థలు, రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే లేచే నాలాంటివారి జీతాలు మాత్రం ఉచితం కావు. ఆ ఖర్చులో కొంత బ్యాంకులు భరిస్తాయి, కొంత ప్రభుత్వం ప్రోత్సాహకంగా ఇస్తుంది. 2024-25కు కేంద్రం ఆమోదించిన మొత్తం 1,500 కోట్లు. మిగిలినది యాప్ కంపెనీలు మనకు అప్పులు, బీమా, బంగారం అమ్మి రాబట్టుకోవాలని చూస్తాయి. చాయ్ బండి వారికి రుసుము వేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అదే సమయంలో పెద్ద మాల్‌కు, విమానయాన సంస్థకు కూడా సున్నా రుసుము ఎందుకో నాకు అర్థం కాదు.

ఇన్ని చెల్లింపులు ఫోనులోకి మారినా నగదు తగ్గలేదన్నది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 2016 నవంబరు 8న 500, 1,000 నోట్లు రద్దయ్యే నాటికి చెలామణిలో ఉన్న నగదు సుమారు 18 లక్షల కోట్లు. 2025 మార్చి నాటికి నోట్ల విలువ సుమారు 37 లక్షల కోట్లకు చేరింది. మరోవైపు 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటింది. నాకు కనిపిస్తున్న కారణం ఏమిటంటే, నోటు రెండు పనులు చేస్తుంది, చెల్లించడం ఒకటి, దాచుకోవడం ఒకటి. చెల్లించే పనిని యూపీఐ చాలావరకు లాక్కున్నది. ఎవరి అనుమతీ అవసరం లేకుండా, ఎవరి సర్వరూ పనిచేయనవసరం లేకుండా, బియ్యం డబ్బాలో దాచుకునే పనిని అది చేయలేదు.

ఇక్కడే మూడవ రూపాయి ప్రవేశిస్తుంది. 2022 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించి, 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలో ‘బ్యాంకు నోటు’ నిర్వచనానికి డిజిటల్ రూపాన్ని చేర్చి, ఆ సంవత్సరం డిసెంబరు 1న సామాన్యుల కోసం ఈ-రూపాయిని ప్రయోగాత్మకంగా విడుదల చేశారు. మొదట ముంబయి, దిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్. తరువాతి జాబితాలో హైదరాబాద్ ఉంది. ఇది ఖాతా రూపాయి కాదు. బ్యాంకు యాప్ ద్వారానే చేతికి వచ్చినా, దీని బాకీదారు బ్యాంకు కాదు, రిజర్వు బ్యాంకు. నోట్లకు, నాణేలకు ఉన్న విలువలతోనే ఇది కూడా ఉంటుంది, నోటుకు లేనట్టే దీనికీ వడ్డీ లేదు. వడ్డీ లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఈ-రూపాయికి వడ్డీ ఇస్తే జనం పొదుపు ఖాతాలు ఖాళీ చేసి అందులోకి మారతారు. అప్పుడు గృహరుణాలు ఇచ్చే బ్యాంకుల కాళ్ల కింద నేల కదులుతుంది. ఒక బ్యాంకు మీద వదంతి పుట్టిన రాత్రి, ఏటీఎం ముందు వరుస కట్టనవసరం లేకుండా అందరూ మంచం మీద నుంచే తమ సొమ్మును రిజర్వు బ్యాంకు వైపు తరలించగలిగితే ఏమవుతుందో ఊహించుకుంటే, రిజర్వు బ్యాంకు ఎందుకు ఇంత నెమ్మదిగా అడుగులు వేస్తున్నదో తెలుస్తుంది.

2025 మార్చి చివరికి చెలామణిలో ఉన్న ఈ-రూపాయల విలువ సుమారు 1,016 కోట్లు. పదివేల రూపాయల విలువైన నోట్లకు మూడు రూపాయలు కూడా లేదన్నమాట. నేను కూడా వాలెట్ పెట్టుకుని, కూకట్‌పల్లిలో ఒక కూరగాయల దుకాణంలో యూపీఐ క్యూఆర్ మీదనే దానితో చెల్లించి చూశాను. 2023 నుంచి ఆ సదుపాయం ఉంది. అమ్మినావిడకు తేడా తెలియలేదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. నెట్‌వర్క్ ఉన్నప్పుడు యూపీఐ చేసే పనినే ఇది చేస్తే, దీనిని ఎంచుకోవడానికి మామూలు మనిషికి కారణం లేదు. నా అభిప్రాయంలో ఈ-రూపాయికి సార్థకత రెండు విషయాల్లోనే ఉంది, నెట్‌వర్క్ లేకుండా పనిచేయడం, చిన్న చెల్లింపులకు నోటు ఇచ్చే గోప్యతను ఇవ్వడం.

ఆ రెండూ ఎందుకు కష్టమో చెప్పాలంటే డిజిటల్ వస్తువు స్వభావం దగ్గరికి వెళ్లాలి. నోటు నా చేతి నుంచి వెళితే నా దగ్గర ఉండదు. ఫోనులోని ఫైలును ఎవరికి పంపినా నా దగ్గరా ఉంటుంది. అందుకే ఒకే రూపాయిని ఇద్దరికి ఇవ్వకుండా ఆపడం డిజిటల్ డబ్బుకు మొట్టమొదటి సమస్య. మధ్యలో అందరూ నమ్మే ఒక పుస్తకం ఉంచడం ఒక పరిష్కారం. బ్యాంకులు, యూపీఐ చేసేది అదే. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ ఇంకొక పరిష్కారం చూపింది: పుస్తకాన్ని అందరి దగ్గరా ఉంచి, కొత్త పేజీ రాసే హక్కు కోసం కంప్యూటర్ల మధ్య ఖరీదైన పోటీ పెట్టడం. సుమారు పది నిమిషాలకు ఒక పేజీ, సెకనుకు ఏడు లావాదేవీల లోపు, మొత్తం నాణేలు 2.1 కోట్లకు మించవు. గణితపరంగా అది గొప్ప ఆవిష్కరణ, దానిని మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కానీ ఎవరి బాకీ అన్న ప్రశ్న వేస్తే జవాబు: ఎవరి బాకీ కాదు. ధర పడితే అడగడానికి ఎవరూ లేరు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు, ఇలాంటి వ్యాపారానికి బ్యాంకులు సేవలందించకూడదన్న రిజర్వు బ్యాంకు ఆంక్షను కొట్టివేయడం వల్ల కొనడం, అమ్మడం కుదురుతున్నది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ముందుగానే కోసుకునే 1 శాతం పన్ను (టీడీఎస్) ఉన్నాయి. జీతం పెట్టి కొన్న సహోద్యోగులను చూశాను. వారు కొన్నది ఆస్తి, దానితో ఈ ఊళ్లో చాయ్ తాగలేరు.

నెట్‌వర్క్ లేని చోట ఈ రెండు పరిష్కారాలూ పనికిరావు, ఎందుకంటే రెండింటికీ పుస్తకాన్ని చూడటం అవసరం. అప్పుడు నమ్మవలసింది ఫోనులోని చిప్‌ను. దాని లోపలి విలువను యజమాని కూడా మార్చలేనంత భద్రంగా ఉండాలి. ఎంత భద్రమైన చిప్‌నైనా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఛేదిస్తారని మా వృత్తి నేర్పింది గనుక, నష్టం పరిమితంగా ఉండేలా మొత్తానికి హద్దు పెట్టాలి. యూపీఐ లైట్‌లో చెల్లింపుకు 1,000, మొత్తం నిల్వకు 5,000 అని పెట్టిన హద్దుల వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. ఫోను మూసీలో పడితే ఆ రూపాయలు నోటులాగే పోవాలా, తిరిగి ఇవ్వాలా? తిరిగి ఇవ్వాలంటే ఎవరి దగ్గర ఎంత ఉందో ఎక్కడో రాసి ఉండాలి. అలా రాసి ఉంటే గోప్యత తగ్గుతుంది. రెండూ పూర్తిగా కావాలనడం కుదరదు, ఎక్కడ గీత గీయాలన్నది ఇంజనీర్లు మాత్రమే నిర్ణయించవలసిన విషయం కాదు.

ఇంకొక అంశం నన్ను కలవరపెడుతుంది. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, నిర్దేశిత ప్రయోజనానికే ఖర్చయ్యేలా ఈ-రూపాయిని ప్రోగ్రాం చేసే ప్రయోగాలను ప్రకటించింది: ప్రభుత్వ సాయం, ఉద్యోగుల ప్రయాణ ఖర్చులు వంటివి. ఇలాంటి నియమాన్ని రాయడం నాకు ఒక పూట పని. ఎరువుల కోసం ఇచ్చిన సాయం ఎరువుల దుకాణంలోనే చెల్లితే దుర్వినియోగం తగ్గుతుందన్న వాదనలో బలం ఉంది. కానీ రైతు ఇంట్లో ఆ వారం జ్వరం వచ్చి మందులు కావలసివస్తే, ఆ రూపాయి రూపాయిగా ఉండదు, చీటీగా మారుతుంది. గడువు తేదీ ఉన్న చీటీ అయితే మరీ. ఆ చీటీని అవసరంలో ఉన్న మనిషి తక్కువ ధరకు దుకాణదారుకే అమ్ముకోవడం రేషను సరుకుల దగ్గర మనం చూసినదే. అప్పుడు మళ్లీ ఏడుకు ఆరు వచ్చినట్టే, బహుశా ఏడుకు ఐదు.

ఇవన్నీ తెలిశాక మా ఇంట్లో కొన్ని మార్పులు చేశాను. జీతం పడే ఖాతాకు, యూపీఐకి వాడే ఖాతాకు మధ్య గోడ పెట్టాను. రెండవదానిలో వారం ఖర్చుకు మించి ఉంచను. నాన్నగారి పింఛను ఖాతాను ఏ యాప్‌తోనూ జతచేయలేదు, వారి డిపాజిట్లను 5 లక్షల లోపు ఉండేలా వేర్వేరు బ్యాంకుల్లోకి విడదీశాము. ఇడ్లీ బండి ఆవిడకు రెండు ఖాతాలు తెరిపించి, రోజూ రాత్రి వసూళ్లను ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చుకోవడం నేర్పాను. బండి దగ్గర క్యూఆర్ కోడ్ పక్కనే ఇప్పుడు ఆమె చిల్లర డబ్బా కూడా ఉంచుతున్నది. ఎవరైనా నోటు ఇస్తే వద్దనడం లేదు.